ఈ ఏడాది ఆవకాయ ఎందుకు అందలేదంటే

నమస్తే. ఏప్రిల్‌లో ఆవకాయకు డబ్బు కట్టి, ఇంకా జాడీ అందనివాళ్ళు 41 మంది ఉన్నారు. ఎప్పుడు ఫోన్ చేసినా "ఇంట్లో బాగాలేదండీ, వారంలో పంపిస్తాం" అంటూ వచ్చాను. ఆ వారం అలా జరుగుతూనే ఉంది. అసలు సంగతి చెప్పకుండా మిమ్మల్ని ఆగమనడం తప్పు. అందుకే రాస్తున్నాను.

మా పచ్చళ్ళు తినేవాళ్ళకి మా అత్తయ్య తెలుసు. కాయ ముక్క కొరికి, పులుపు చూసి, ఉప్పు ఎంత పడాలో చెప్పేది ఆవిడే. వయసు 71. ఏప్రిల్ 19న తెల్లవారుజామున బాత్రూంలో జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. రాజమండ్రిలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాం. మూడో రోజు ఆపరేషన్ చేసి తుంటిలో బాల్ మార్చారు. ఆపరేషన్ బాగా జరిగింది. చేసిన డాక్టరుగారి చేతి మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. జరిగిందంతా ఆ తర్వాతే.

వార్డులో అటెండెంట్‌గా ఒక్కరినే ఉండనిచ్చారు. పగలు నేను, రాత్రి మా ఆడపడుచు. రాత్రిపూట 18 మంచాలకి ఒకే ఒక్క సిస్టర్. ఆ పిల్లని నేను తప్పుపట్టను, పరుగులు పెడుతూనే ఉండేది. అత్తయ్యని కాస్త పక్కకి తిప్పుదామంటే "కొత్త కీలు, కదిలించకూడదు, డాక్టరుగారు చెప్పాలి" అన్నారు. డాక్టరుగారు రౌండ్స్‌కి వచ్చి కుట్లు చూసి వెళ్ళేవారు. వీపు ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

నాలుగో రోజు రాత్రి నుంచి అత్తయ్య మమ్మల్ని గుర్తుపట్టడం మానేశారు. ఎప్పుడో పోయిన మామయ్యకి ఇంకా అన్నం పెట్టలేదేమని నన్ను కోప్పడ్డారు. సెలైన్ పీకేస్తున్నారని రెండు చేతులూ బ్యాండేజీ గుడ్డతో మంచానికి కట్టేశారు. ఎవరిని అడిగినా "పెద్ద వయసు కదమ్మా, మామూలే" అన్నారు. రెండు రోజులు బతిమాలితే రక్తపరీక్ష చేశారు. సోడియం 118 ఉంది. 135కి తగ్గకూడదట. మెల్లగా సరిచేశాక, మూడో రోజుకి నన్ను పేరు పెట్టి పిలిచారు.

ఈలోగా ఆరో రోజు దుప్పటి మారుస్తుంటే వాసన వచ్చింది. డైపర్ తడి ఎన్ని గంటల నుంచి ఉందో తెలియదు. నడుము కింద, ఎముక పైకి తేలే చోట, అరచెయ్యంత మేర చర్మం నల్లగా కమిలిపోయి ఉంది. బెడ్‌సోర్. అప్పుడు తెచ్చారు ఎయిర్ బెడ్.

రెండో ఆసుపత్రికి మార్చాక అక్కడివాళ్ళు విడమరిచి చెప్పారు. ఇలాంటి ఆపరేషన్ అయినవాళ్ళని వీలైతే మర్నాడే లేపి కూర్చోబెట్టి, వాకర్ పట్టించి నిలబెడతారట. లేవలేకపోతే రెండు గంటలకోసారి, కాళ్ళ మధ్య దిండు పెట్టి పక్కకి తిప్పాలట. ఒకేచోట బరువు పడితే రక్తం ఆడక చర్మం చచ్చిపోతుంది, తడి తగిలితే ఇంకా తొందరగా. పెద్దవాళ్ళు ఆపరేషన్ తర్వాత ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడితే వయసు అని వదిలెయ్యకూడదు, సోడియం, ఇన్ఫెక్షన్, నొప్పి, ఒంట్లో నీరు తగ్గడం, వీటిలో ఏదో వెతకాలి. మీ ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉంటే దయచేసి రోజూ వీపు, మడమలు చూడండి. సిస్టర్ విసుక్కున్నా సరే.

కేస్ షీట్ కాపీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని నియమం ఉంది. మొదటి ఆసుపత్రి నుంచి అది రావడానికి మాకు 11 రోజులు పట్టింది. అందులో రెండు గంటలకోసారి తిప్పినట్టు వరసగా టిక్కులు ఉన్నాయి. అత్తయ్య కింద ఎక్స్‌రే గదిలో ఉన్న గంటకి కూడా టిక్కు ఉంది! మేనేజ్‌మెంట్‌ని అడిగితే "పేషెంట్ కోఆపరేట్ చెయ్యలేదు" అన్నారు. చేతులు కట్టేసిన మనిషి గురించి ఆ మాట అన్నారు. డబ్బు కట్టి చేయించుకున్న వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. రెండేళ్ళలోపు కేసు వెయ్యొచ్చు. లాయరుగారితో మాట్లాడాం, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తున్నాం.

ఇప్పుడు నా వైపు తప్పు. మే 12 నుంచి 16 వరకు పంపిన 38 జాడీలు అత్తయ్య లేకుండా నేను కలిపినవి. కాయలు మంచివే, కొత్తపల్లి కొబ్బరి రకం మామిడి. కానీ నేను ఆసుపత్రికీ ఇంటికీ తిరుగుతూ, ముక్క తడి లేకుండా తుడిచారో లేదో దగ్గరుండి చూడలేదు. మూడో రోజు తిరగ కలిపి ఉప్పు చూడలేదు. నలుగురు బూజు వచ్చిందని చెప్పారు. ఎండల వల్లనో, మూత సరిగా పెట్టకపోవడం వల్లనో అని మీ మీదకి నెట్టను. ఆ జాడీలు మీ దగ్గరుంటే బూజు లేకపోయినా తినకండి, పారేసి ఒక ఫోటో పంపండి. మొత్తం డబ్బు వెనక్కి వేస్తాను, కొరియర్ ఖర్చుతో సహా.

జాడీ అందని 41 మందికి ఆవకాయ ఈ ఏడాది ఇవ్వలేను. టెంక ముదిరిన పుల్లకాయ సీజన్ అయిపోయింది, ఇప్పుడు దొరికే కాయతో పెడితే ముక్క మెత్తబడిపోతుంది. ఈ నెల 30లోపు అందరికీ డబ్బు వేసేస్తాను. డబ్బు బదులు గోంగూర కావాలన్నవాళ్ళకి వచ్చే నెల మొదటి వారంలో పంపుతాను. ఉసిరికాయ కార్తీకంలోనే. అప్పటిదాకా కొత్త ఆర్డర్లు తీసుకోవడం లేదు.

అత్తయ్య పుండు ఇప్పుడు రూపాయి బిళ్ళంతకి వచ్చింది. వాకర్ పట్టుకుని అరుగు దాకా నడుస్తున్నారు. నంబరు పాతదే. మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు డ్రెస్సింగ్, ఫిజియోథెరపీ ఉంటాయి, ఆ సమయంలో ఫోన్ ఎత్తలేను. మెసేజ్ పెట్టండి, సాయంత్రం నేనే చేస్తాను.