2024–25 వార్షిక నివేదిక: రాత్రిపూట మోగే ఫోన్ల సంగతి

సభ్యులందరికీ నమస్కారం.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో బ్యాంకులు, బీమా ఆఫీసులు, మైక్రోఫైనాన్స్ కంపెనీల్లో పనిచేసే మన ఉద్యోగుల సంఘం ఏడాది పనులు ఇవి. జమాఖర్చుల కాగితం కోశాధికారి విడిగా పంచుతారు. కార్తీక వనభోజనాలు బాగా జరిగాయి, పులిహోర ఈసారి చివరి వరుసదాకా వచ్చింది. ఇక అసలు విషయం, పని వేళలు దాటాక పై ఆఫీసర్ల నుంచి వచ్చే ఫోన్లు.

2015 సెప్టెంబరు నుంచి బ్యాంకులకు రెండో శనివారం సెలవు కదా. ఆ సాయంత్రం మూలాపేటలో ఒక సభ్యుడి మేడ మీద కూర్చుని కష్టసుఖాలు మాట్లాడుకుందామని అనుకున్నాం. మొదటి నెల నలుగురమే. 2024 మార్చి 8న కుదిరిన జీతాల ఒప్పందం, 17 శాతం పెంపు, దాని బకాయిలు, ఇవే మాటలు. టీ తాగి లేచాం.

తర్వాతి నెల ఉదయగిరి వైపు శాఖలో పనిచేసే చెల్లెలొకరు వచ్చింది. ఎడగారు (వేసవిలో వేసే పంట) సాగుకి డబ్బు కావాలని గోల్డ్ లోన్ల కోసం జనం గుమ్మం దాకా నిలబడితే, లోపల సిబ్బంది ముగ్గురు. క్యాష్ టాలీ చేసి బస్సెక్కేసరికి ఏడున్నరకు ఆ రోజు లెక్కలు అడుగుతూ పై ఆఫీసు నుంచి రివ్యూ కాల్. "ఈరోజు ఎన్ని బీమా పాలసీలు అమ్మారు?" సున్నా అని అందరూ వింటుండగా చెప్పాలి. మర్నాడు లోనుకొచ్చిన రైతుకే ఒక పాలసీ అంటగట్టింది. వరసకు బాబాయి అవుతాడాయన. "వచ్చే ఏడు ప్రీమియం ఎక్కడ తెచ్చేదమ్మా అని సంతలో అడిగితే నేనేం చెప్పాలన్నా?" అంది. ఎవరం జవాబు చెప్పలేకపోయాం.

ఆ తర్వాత మేడ నిండింది. మైక్రోఫైనాన్స్ కుర్రాళ్లు కలెక్షన్ ముగించుకుని నేరుగా వచ్చేవాళ్లు. మైక్రోఫైనాన్స్ అప్పు తీసుకున్నవాళ్లకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో నిబంధన పెట్టింది. మంచిదే. వసూలుకు తిరిగే కుర్రాడికి మాత్రం అది వర్తించదు, వాడికి పై ఆఫీసరు రాత్రి పదింటికి చేస్తాడు. "నేనూ అప్పు తీసుకునుంటే ఆరింటికి ఫోన్ ఆగేది" అన్నాడు కావలి సభ్యుడు. మేం నవ్వాం, అతను నవ్వలేదు.

టార్గెట్లు వద్దని మనం అనలేదు. సాయంత్రం ఆరున్నర తర్వాత రివ్యూలు వద్దని, అందరి ముందు తిట్టవద్దని వినతిపత్రాలు ఇచ్చాం. రెండు ఆఫీసుల్లో ఒప్పుకున్నారు. మిగతాచోట్ల అందినట్టు ముద్ర వేసి పంపించారు. నిద్రపట్టని టెన్షన్లో ఉన్నవాళ్ల కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 అచ్చువేసి పంచాం.

ఐదు రోజుల పనివారం కోసం 2025 మార్చి 24, 25 తేదీల్లో తలపెట్టిన బ్యాంకుల సమ్మె చివర్లో వాయిదా పడింది. బ్యానర్లు అటక మీద భద్రం.

గ్రామీణ బ్యాంకు సభ్యుల దిగులు వేరు. 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒకటయ్యాయి. పినాకిని గ్రామీణ బ్యాంకులో చేరి, 2006 విలీనంతో ఆంధ్రా ప్రగతి గ్రామీణ బ్యాంకు ఉద్యోగులై, ఇప్పుడు మూడో పేరుబోర్డు కింద రిటైరు కాబోయే పెద్దలున్నారు మనలో. బోర్డు మారితే మారింది, సీనియారిటీ, బదిలీల మాటేమిటని వాళ్ల ప్రశ్న. దానిమీద త్వరలో విడిగా కూర్చుంటాం.

ఒక లోపం ఒప్పుకోవాలి. సాయంత్రం పెట్టడం వల్ల మహిళా సభ్యులు ఎక్కువమంది రాలేకపోయారు. ఈ నెల నుంచి అదే మేడ మీద, ఉదయం పదింటికి. ఫోన్లు మెట్ల దగ్గర బుట్టలో పెట్టి పైకి రండి.

కార్యదర్శి