డాక్టరు దగ్గర ఏం జరిగిందో రోగిని అడగండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను పీహెచ్‌సీల్లో హెల్త్ సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరయ్యాను. సర్కారు ఆస్పత్రుల్లో సేవలు ఎలా ఉన్నాయని ప్రజలకు ఫోన్లు చేసి అడుగుతున్నందుకు సంతోషం. పేదవాణ్ణి అభిప్రాయం అడగడమే ఒక గౌరవం. అయితే ఏం అడగాలి, ఎవరు అడగాలి అన్న విషయంలో ఒక మాట మనవి చేయాలని రాస్తున్నాను.

"సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి" అంటే మా ఊళ్లలో చాలామంది ఒకటే నొక్కుతారు. ఊరికే మందులిచ్చిన చోటును తప్పుపట్టడం మర్యాద కాదనుకుంటారు. వచ్చే నెల బీపీ మాత్రలకు మళ్లీ అక్కడికే వెళ్లాలన్న బెరుకు కూడా ఉంటుంది. నేను యూనిఫామ్‌లో వెళ్లి అడిగితే "బాగానే చూస్తున్నారమ్మా" అనేవాళ్లు. కాసేపు అరుగు మీద కూర్చుంటే మాత్రం "నేను చెప్పేది వినకుండానే చీటీ రాసేశారమ్మా" అనేవాళ్లు. వైద్యం మెరుగుపడటానికి పనికొచ్చేది ఆ రెండో మాట.

అందుకని జరిగిందేమిటో అడిగించండి. మీరు చెప్పేది డాక్టరు పూర్తిగా విన్నారా? ఈ మాత్ర ఎందుకో, ఎన్నాళ్లు వేసుకోవాలో చెప్పారా? షుగర్ ఉందిగా, ఈ ఏడాదిలో మీ పాదాలు ఎవరైనా చూశారా? పోయినసారి వచ్చిన డాక్టరే ఈసారీ వచ్చారా?

ఆ చివరి ప్రశ్నలోనే ఫ్యామిలీ డాక్టర్ అన్న ఆలోచన అంతా ఉంది. 2023 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఆ విధానం మొదలైనప్పుడు పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లనీ, ఒకరు 104 బండితో ప్రతి ఊరికీ నెలకు రెండుసార్లు వెళ్తారనీ చెప్పారు. ప్రభుత్వం మారినా ఆ ఆలోచన మంచిదే. బండి వచ్చిందా, ఓపీ ఎంత, ఎన్ని మాత్రలు ఇచ్చారు అన్నవి రిజిస్టర్లు చెబుతాయి. డాక్టరు తనని గుర్తుపట్టి, పోయినసారి చెప్పిన నొప్పి గురించి మళ్లీ అడిగారా అన్నది రోగి ఒక్కరే చెప్పగలరు.

ఇలాంటి ప్రశ్నావళులు కొత్తగా కనిపెట్టే పని లేదు. యూరప్‌లో కుటుంబ వైద్యుల కోసం తయారుచేసిన 'యూరోపెప్'లో 23 ప్రశ్నలున్నాయి. స్కాట్లండ్‌లో పుట్టిన 'కేర్'లో 10 ప్రశ్నలే ఉన్నాయి, అవీ డాక్టరు విన్న తీరు, వివరించిన తీరు గురించే. ఇంగ్లండ్‌లో 2007 నుంచి జీపీల (అక్కడి కుటుంబ వైద్యుల) మీద దేశమంతటా సర్వే జరుగుతోంది. అక్కడ కొన్నాళ్లు డాక్టర్లకిచ్చే డబ్బులో కొంత భాగాన్ని ఆ జవాబులకు ముడిపెట్టి, 2011లో తీసేశారు. కొద్దిమంది జవాబులతో వచ్చే మార్కులు ఏడాదికేడాది ఊరికే అటూ ఇటూ అవుతాయి. దయచేసి వాటిని మెమోలకూ జీతాలకూ ముడిపెట్టకండి. అలా చేస్తే మంచి జవాబులు పుట్టించడం మొదలవుతుంది. మా శాఖలో టార్గెట్లకు ఏం జరిగేదో నాకు తెలుసు.

"వినలేదు" అన్న జవాబు ఎక్కువగా వస్తే డాక్టరు ఒక్కరినే తప్పుపట్టకండి. 2017లో అచ్చయిన ఒక అంతర్జాతీయ పరిశీలన ప్రకారం కుటుంబ వైద్యుడు ఒక్కో రోగికి ఇచ్చే సమయం స్వీడన్‌లో 22 నిమిషాలకు పైనే, మన దేశంలో రెండు నిమిషాల చిల్లర. వరండా నిండా జనం నిలబడి ఉంటే ఎంత మంచి డాక్టరైనా ఎంతసేపు వింటారు? ఆ జవాబుకు మీరు ఖాళీ పోస్టులు నింపాలి.

ఇక అడిగే మనిషి సంగతి. చాలా ఇళ్లలో అవ్వ పేరు మీదున్న ఫోన్ నంబరు ఎక్కడో పట్నంలో ఉన్న కొడుకుది. కాబట్టి ఇంటికే వెళ్లి, ప్రశ్నలు చదివి వినిపించి, పేరు రాయకుండా జవాబులు తీసుకోవాలి. ఆ పీహెచ్‌సీ సిబ్బంది కాకుండా మెడికల్, నర్సింగ్ కాలేజీల విద్యార్థులు వెళ్తే మేలు. సీతంపేట కొండల్లో సవర మాట్లాడే తల్లిని సవరలోనే అడగాలి.

ముందు ఒక్క జిల్లాలో చేయించి చూడండి. వచ్చిన జవాబులు మీ టేబుల్ మీదికి రాకముందే ఆ పీహెచ్‌సీ డాక్టరుకూ, ఏఎన్‌ఎంలకూ, ఆశాలకూ చూపించి, ఏది మార్చగలరో, దానికి మీ నుంచి ఏం కావాలో వాళ్లనే రాసివ్వమనండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్