అమ్మ గరిటె అక్కడే ఉండిపోయింది

కావలి

ఒరేయ్ శీనా,

ఎట్టా ఉన్నావు? మొన్న ఫోన్లో నేపాల్ కబుర్లు అడిగావు, చెప్పేలోపే నీ పామూరు బస్సొచ్చింది. వచ్చే నెల నువ్వూ నాలాగే అక్కడి బడిలో జీతం లేకుండా పాఠాలు చెప్పను, వాలంటీర్లుండే అదే ఇంటికి పోతానంటున్నావు గనక తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

మనకు వీసా అక్కర్లేదు. విమానంలో పోయేట్టయితే పాస్‌పోర్టో ఓటరు కార్డో పెట్టుకో, ఆధార్ ఒక్కటే చాలదు. మన 100 రూపాయలు అక్కడ 160. గడియారం 15 నిమిషాలు ముందుకు తిప్పుకో. నేనున్నప్పుడు సెలవు శనివారమే. మొదటి ఆదివారం దుప్పటి ముసుగేసుకుని పడుకుంటే బడి నుంచి మనిషొచ్చి లేపాడు. పోయి హాజరు పట్టీ చూస్తే 2082! వాళ్లది విక్రమ శకం కదా, మనకంటే 57 ఏళ్లు ముందున్నారు. మన పెన్షన్లు కూడా అక్కడైతే ముందే వచ్చేవి.

పొఖరాలో ఆ ఇంట్లో పదకొండు మందిమి. వంటిల్లు ఒకటి, బాత్రూములు రెండు. వేణ్ణీళ్లకు మేడ మీద సోలార్ ఉంది గానీ ఆ ఊళ్లో వానలు జాస్తి. మబ్బు పడితే చన్నీళ్లే. బడిలో పని పొద్దున మూడు గంటలు, మిగతాదంతా ఇంటి చాకిరీ. ఎవరు ఎప్పుడు వండాలో, ఎవరు అంట్లు తోమాలో ఒక జర్మనీ అమ్మాయి చార్టు గీసి ఫ్రిజ్‌కు అంటించింది. నాకు మొదట నవ్వొచ్చింది. మనింట్లో తిన్న కంచం ఎప్పుడైనా కడిగామా? రెండో వారానికి ఆ చార్టు చూడకుండా నిద్రపోయేవాణ్ణి కాదు. తగాదాలన్నీ సింకు దగ్గరే మొదలయ్యేవి.

పెద్ద గొడవ మాత్రం నా చేపల పులుసుది. పొద్దునా రాత్రీ పప్పూ అన్నమూ తిని తిని నాలుక చచ్చిపోయిందిరా. ఒక శుక్రవారం శీలావతి లాంటి చేప దొరికింది. అమ్మ కట్టిచ్చిన చింతపండూ మామిడి ఒరుగులూ వేసి, మన పద్ధతిలో రాత్రే కాచి, తెల్లారి తిందామని మూతపెట్టి పడుకున్నా. పొద్దున లేచేసరికి గిన్నె తళతళా మెరుస్తోంది! వంటింటి వంతు ఆ రోజు కొరియా కుర్రాడిది. రాత్రిది పాడైపోయి ఉంటుందని పారబోశాడంట. పులుసు తెల్లారితేనే రుచని వాడికెట్టా చెప్పేది? వాడు మాత్రం పాపం, బిక్కమొహం వేసుకుని సాయంత్రం నా వంతు అంట్లు కూడా తోమాడు. వాళ్లింట్లోనూ కిమ్చీ అనే క్యాబేజీ పచ్చడి పులిసేదాకా ఆగుతారని వాడే తర్వాత చెప్పాడు. అప్పుడు తిట్టానురా, తెలుగులోనే.

ఒక సంగతి మాత్రం నన్ను ఇప్పటికీ గుచ్చుతోంది. మూడో తరగతి పిల్లలకు ఇంగ్లీషులో రంగుల పేర్లు మొదలుపెట్టానా, నేను నోరు తెరవకముందే వరసగా అప్పజెప్పారు. వచ్చినవాళ్లంతా రెండు వారాలుండి అవే నేర్పి పోయారు. ఒక పిల్ల నా పేరు అడక్కముందే "ఎన్ని రోజులుంటావు?" అంది. ఆరు వారాలంటే వేళ్లు లెక్కబెట్టుకుంది. నువ్వు పోయేదైతే కనీసం మూణ్ణెల్లు ఉండు, లేదంటే పోబాక. వారం వారం మన దగ్గర వసూలు చేసే డబ్బులో బడికెంత పోతుందో ముందే అడుగు. నేను అడిగితే మాట దాటేశారు. జీతం లేకపోగా ఎదురు డబ్బిచ్చి చాకిరీ ఏందిరా అని అమ్మ అన్నప్పుడు కసురుకున్నా గానీ, ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు.

చింతపండు అరకిలో అన్నా పట్టుకుపో. ఇంకొకటి, అమ్మ ఇత్తడి గరిటె ఆ వంటింట్లోనే మర్చిపోయొచ్చా. పొయ్యి పక్కన మేకుకు తగిలించి ఉంటుంది, తీసుకురా. వచ్చి నాలుగు రోజులైంది, ఆరుసార్లు అడిగింది.

నీ
రమణ