కార్డు వడ్డీని ‘నూటికి ఎంత’ అని తెలుగులో రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మన ఇళ్లల్లో అప్పు కావాలంటే ముందు అడిగే మాట ‘నూటికి ఎంత?’ అని. నూటికి రెండంటే ఆలోచిస్తాం, మూడంటే వద్దని లేచి వచ్చేస్తాం. అలాంటి ఇంట్లో పెరిగిన నేను నూటికి మూడున్నర వడ్డీకి రెండేళ్లు అప్పు మోశాను. అంత వడ్డీ అని తెలియక మోశాను.

అది క్రెడిట్ కార్డు మీది అప్పు. విశాఖ ద్వారకానగర్‌లో ఒక షాపు ముందు స్టాల్ పెట్టుకున్న కుర్రాడు ఆ కార్డు ఇప్పించాడు. ఏడాది ఫీజు లేదన్నాడు, 45 రోజుల దాకా వడ్డీ లేదన్నాడు. రెండూ నిజమే. మా నాన్నగారి ఆపరేషన్‌కి ఆ కార్డే గీకాను. బిల్లు 1,20,000 వచ్చింది. అంతా ఒకేసారి కట్టలేకపోయాను. బిల్లులో ‘మినిమమ్ డ్యూ 6,000’ అని, అంటే ఆ నెలకు కనీసం కట్టాల్సింది అంత అని ఉంది. నెలనెలా అది కడుతూ అప్పు తీరుతోందనే అనుకున్నాను.

ఒకరోజు మా బావమరిది ఆ బిల్లు చూసి, “బావా, నువ్వు కట్టేది వడ్డీకే పోతోంది” అని కాగితం మీద లెక్క వేసి చూపించాడు. 1,20,000కి నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ 4,200. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 756. నేను కట్టిన 6,000లో అసలుకు జమ పడేది 1,044 రూపాయలే. పాత బాకీ ఉన్నంతకాలం ఆ 45 రోజుల గడువు కూడా వర్తించదు. కొత్తగా తెచ్చిన సరుకులకు తెచ్చిన రోజు నుంచే వడ్డీ. ఇంటి సరుకులు ఆ కార్డు మీదే తెస్తున్నాను కాబట్టి ఆ 1,044 కూడా తగ్గలేదు.

ఆ రోజే కార్డు గీకడం ఆపేశాను. మా ఆవిడ గొలుసు, గాజులు బ్యాంకులో పెట్టి నూటికి రూపాయి లోపు వడ్డీకి తెచ్చి ఆ బాకీ మొత్తం కట్టేశాను. నాకు ఇంకో కార్డు కూడా ఉంది, దాని మీదున్న 60,000ను 24 వాయిదాలకు మార్చమని అడిగితే వడ్డీ సగానికి పైగా తగ్గింది. ఆ మాట అడగవచ్చని కూడా అంతవరకు నాకు తెలియదు. ‘కొంత కట్టండి, సెటిల్ చేస్తాం’ అని ఫోన్లు వచ్చాయి కానీ ఒప్పుకోలేదు. అలా చేస్తే మన అప్పుల చరిత్ర ఉండే సిబిల్ రికార్డులో ‘సెటిల్డ్’ అని పడుతుంది, తరవాత ఇంటి లోన్ దొరకడం కష్టం.

ఆ మధ్యలో పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను. రికవరీ ఏజెంటు రాత్రి 9 గంటలకు మా పక్కింటి వాళ్లకు ఫోన్ చేశాడు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరవాత బాకీ కోసం ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, 30 రోజుల్లో జవాబు రాకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. 14448కి ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు. ఇలా బాధపడుతున్నవాళ్లు దయచేసి ఈ నంబరు రాసి పెట్టుకోండి.

కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం దాటకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ హద్దు పోయింది కాబట్టి, ఎంత వడ్డీయో ముందే అర్థమయ్యేలా చెప్పడం ఇంకా అవసరం. మినిమమ్ మాత్రమే కడితే బాకీ ఏళ్ల తరబడి సాగుతుందని బిల్లులో రాయాలని రిజర్వు బ్యాంకు మార్గదర్శకాల్లో ఉంది, రాస్తున్నారు కూడా. కానీ నా బిల్లులో అది ఇంగ్లిషులో, కంటికి ఆనని అక్షరాల్లో ఉంది. షరతులు వీలైతే స్థానిక భాషలోనూ ఇవ్వాలని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. ‘నెలకు నూటికి ఇంత, మీరు కట్టిన దాంట్లో అసలుకు ఇంత’ అని మొదటి పేజీలోనే తెలుగులో రాయాలని బ్యాంకులను కోరుతున్నాను.

జిల్లాల్లో లీడ్ బ్యాంకుల (జిల్లాలో బ్యాంకుల పనిని సమన్వయం చేసే బ్యాంకు) ద్వారా ఆర్థిక అక్షరాస్యత కేంద్రాలు నడపాలన్నది రిజర్వు బ్యాంకు ఏర్పాటే. విశాఖలో వారానికి ఒక సాయంత్రం, షిఫ్టు దిగిన వాళ్లు రాగలిగే వేళకు, గాజువాకలోనో మధురవాడలోనో కూర్చుని బిల్లులు చూసి లెక్క చెప్పే మనిషిని పెట్టాలి. నాకు మా బావమరిది ఉన్నాడు. నా తోటి పనివాళ్లలో ఐదారుగురు ఈ నెల కూడా మినిమమే కట్టారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గాజువాక, విశాఖపట్నం