ఆ లెక్కలు ఎప్పుడిప్పిస్తారు మంత్రిగారూ?

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఫోన్ యాప్‌ల వాడకం లెక్కలు మాలాంటి పరిశోధకులకు ఇప్పించమని పెట్టుకున్న అర్జీలన్నిటికీ మీ కార్యాలయం నుంచి ఒకటే జవాబు: 'మీ విజ్ఞప్తి పరిశీలనలో ఉంది'. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. మరోలా అనుకోకండి.

డిజిటల్ వ్యసనంపై యుద్ధమన్నారు. పోస్టర్లు వేశారు, ర్యాలీ తీశారు, ఆ ర్యాలీని ఫోన్లలో లైవ్ కూడా ఇచ్చారు. సంతోషం. అదే వేదిక మీద, యాప్ కంపెనీలతో మాట్లాడి వాడకం వివరాలు పరిశోధకులకు ఇప్పిస్తామన్నారు. ఆ మాట ఏమైంది సార్?

మేం ఇప్పటికీ చేతికి కాగితమిచ్చి 'రోజుకు ఎన్ని గంటలు చూస్తావు?' అని అడుగుతున్నాం. మొన్న ఒక కుర్రాడు 'రెండు' అని రాశాడు. వాడి ఫోన్లోనే స్క్రీన్ టైమ్ తీసి చూస్తే ఆరు దాటింది. వాడు అబద్ధమాడలేదు. అది చూసి మాకంటే వాడే ఎక్కువ బిత్తరపోయాడు. పెద్దవాళ్లూ ఇంతే. మనిషి చెప్పే లెక్కకూ ఫోన్ చెప్పే లెక్కకూ పొంతన అంతంతమాత్రమేనని పరిశోధనల్లో తేలిన విషయమే.

పోనీ గంటలు తెలిస్తే చాలా? చాలదు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితా ఐసీడీ-11, గేమింగ్ రుగ్మతకు గంటలు చూడమనలేదు. ఆట మీద అదుపు తప్పిందా, మిగతా పనులన్నీ దాని వెనక్కి పోయాయా, నష్టం కళ్ల ముందు కనిపిస్తున్నా ఆగలేకపోతున్నాడా, ఇదంతా సుమారు ఏడాదిగా సాగుతోందా అని చూడమంది. సోషల్ మీడియాకైతే అందులో విడిగా చోటే లేదు. ఆ చోటు ఇవ్వాలో వద్దో తేల్చాలంటే, అర్ధరాత్రి ఏ నోటిఫికేషన్ లేపిందో, ఇక చాలనుకున్నాక ఏ వీడియో తనంతట తానే మొదలైందో, తీసేసిన యాప్‌ను మళ్లీ ఎన్నాళ్లకు వేసుకున్నారో తెలియాలి. అవన్నీ కంపెనీల సర్వర్లలో సెకన్లతో సహా ఉన్నాయి. ప్రకటనలు అమ్ముకోవడానికి పనికొచ్చే లెక్క, వైద్యం దగ్గరికొచ్చేసరికి వ్యాపార రహస్యమట!

2013లోనే అమెరికా మానసిక వైద్యుల సంఘం తన మానసిక రుగ్మతల పుస్తకంలో ఇంటర్నెట్ గేమింగ్ రుగ్మతను 'ఇంకా అధ్యయనం చేయాల్సినవి' అన్న విభాగంలో పెట్టింది. దేనితో చేయమంటారు సార్, మీ పోస్టర్లతోనా? యూరప్‌లో డిజిటల్ సేవల చట్టం 40వ అధికరణం, అర్హులైన పరిశోధకులకు పెద్ద కంపెనీలు డేటా ఇవ్వాలంటోంది. అలాంటి చట్టం మనకెందుకు కుదరదో ఎవరూ చెప్పరు.

తల్లిదండ్రులు వచ్చి 'ఇది వ్యసనమా, వయసు ప్రభావమా?' అని అడుగుతారు. చాలాసార్లు నా దగ్గర గట్టి జవాబుండదు. వాళ్లు మాత్రం ఇంటికెళ్లి ఫోన్ లాక్కుంటారు. గొడవ మొదలవుతుంది. నెల తిరక్కుండా మళ్లీ నా ముందే కూర్చుంటారు.

పేర్లు అక్కర్లేదు, ఫొటోలు అక్కర్లేదు. వాడేవాళ్ల అనుమతితో, ఎవరో తెలియకుండా చేసిన లెక్కలే ఇప్పించండి. ఇప్పిస్తామన్నది మీరే కదా! కుదరదంటే ఆ ముక్కైనా సంతకం పెట్టి పంపండి. 'పరిశీలనలో ఉంది' అని మాత్రం వద్దు సార్, ఫైలు నిండిపోయింది.

ఇట్లు,
ఒక మనస్తత్వ పరిశోధకురాలు