ఎరుపు టిక్కు, నీలం టిక్కు

తెనాలి,
ఆదివారం

చిరంజీవి అమ్మలుకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. నీ ఆరోగ్యం జాగ్రత్త. రాత్రి షిఫ్టు రోజుల్లో తినకుండా పడుకోవద్దని అమ్మ రాయమంది.

మొన్న ఫోన్లో మీ మందుల ల్యాబులో నీతో పనిచేసే అమ్మాయి గురించి నువ్వన్న మాట రెండు రోజులుగా నా చెవిలో తిరుగుతూనే ఉంది. "ఆ అమ్మాయికీ నాకూ పడట్లేదు నాన్నా. ఇద్దరం ఒకే రకం. ఇద్దరికీ ప్రతి చుక్కా సరిగ్గా ఉండాలి. అందుకే కుదరట్లేదు" అన్నావు. అప్పటికప్పుడు జవాబు తట్టలేదు. ఇలాంటివి కూర్చుని రాస్తేనే నాకు కుదురుతాయి.

నువ్వు మందు పరీక్షించి రాసిన రిపోర్టుని సరిచూస్తూ ఆ అమ్మాయి 14 కామెంట్లు పెట్టిందన్నావు. మర్నాడు ఆమె రిపోర్టు రివ్యూకి నీ దగ్గరికొస్తే నువ్వు 19 పెట్టానన్నావు. ఆ 19 సరైనవేనని నాకు తెలుసు, లేని తప్పు రాసే పిల్లవి కాదు నువ్వు. కానీ అందులో ఎన్ని ఆ మందు వేసుకోబోయే మనిషి కోసం రాశావు, ఎన్ని ముందురోజు 14 మనసులో పెట్టుకుని రాశావు? నాకు చెప్పక్కర్లేదు, నువ్వు ఒక్కసారి చూసుకో.

ఒకే రకం మనుషులకి కుదరదంటే మాత్రం నేను ఒప్పుకోను. ముప్ఫై ఏడేళ్ళ బ్యాంకు ఉద్యోగంలో నాకు అందరికంటే బాగా కలిసొచ్చిన మనిషి అచ్చం నాలాంటివాడే. మొదట్లో మాకూ పడలేదు.

1986 సంగతి. బాపట్ల దగ్గర ఒక చిన్న బ్రాంచిలో ఉన్నాను. కంప్యూటర్లు లేవు. సేవింగ్స్ ఖాతాలన్నీ పెద్ద పెద్ద లెడ్జర్లలో చేత్తో రాసేవాళ్ళం. ఒక్కో ఖాతాలో ఉన్న నిల్వని ఇంకో పుస్తకంలోకి ఎక్కించి, అన్నీ కూడితే వచ్చే మొత్తం, బ్రాంచి మొత్తం లెక్కలుండే జనరల్ లెడ్జర్లో ఉన్న మొత్తంతో పైసాతో సహా కలవాలి. దాన్నే బ్యాలెన్సింగ్ అనేవాళ్ళం. అప్పట్లో బ్యాంకుల లెక్కల సంవత్సరం డిసెంబరు 31తో ముగిసేది, మార్చికి మారింది తర్వాత. అందుకని డిసెంబరు ఆఖరి వారంలో బ్రాంచిలో ఎవరికీ కంటి మీద కునుకుండేది కాదు.

ఆ ఏడు మాకు 2,700 రూపాయలు తేడా వచ్చింది.

నాతో ఆ పని మీద ఉన్నది పక్క సీటు ఆయన. నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఆయన అంకెలు అచ్చు గుద్దినట్టుండేవి. ఒకటిలా కనబడకూడదని ఏడుకి నడుమ చిన్న అడ్డగీత పెట్టేవారు. నా రాతా అంత శ్రద్ధగానే ఉండేది. అదే చిక్కయింది. నేను కూడిన కాలమ్ ఆయన మళ్ళీ కూడేవారు, ఆయన కూడింది నేను మళ్ళీ కూడేవాణ్ణి. పైకి ఒక్క మాట లేదు గానీ, నీ కూడిక మీద నాకు నమ్మకం లేదని ఒకరికొకరం రోజూ చెప్పుకుంటున్నట్టే ఉండేది. మూడు రాత్రులు అలాగే గడిచాయి. ప్రతిసారీ అదే మొత్తం, అదే 2,700.

నాలుగో రాత్రి తొమ్మిదిన్నరకి ఆయన పుస్తకం మూసి, "మనిద్దరం ఒకే చోట వెతుకుతున్నామయ్యా" అన్నారు. ఆ మాటతో నేనూ కూడడం ఆపి, ఆ 2,700నే చూశాను. తొమ్మిదితో భాగిస్తే శేషం లేకుండా పోయింది. లెక్కలు రాసేవాళ్ళకి ఇది పాత గుర్తు: పక్కపక్క అంకెలు రెండు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగింపబడుతుంది. 63కి బదులు 36 పడితే తేడా 27. అంటే తప్పు బహుశా మా కూడికలో లేదు, ఎక్కించడంలో ఉంది. మూడు రాత్రులు మేము సరిగ్గా ఉన్నదాన్నే సరిచూస్తూ కూర్చున్నామన్నమాట.

అప్పుడు పని పంచుకున్నాం. నేను లెడ్జర్ ముందు పెట్టుకుని ఖాతా నంబరూ నిల్వా పైకి చదవాలి. ఆయన ఎక్కించిన పుస్తకం చూస్తూ టిక్కు పెట్టాలి. వంద ఖాతాలు కాగానే చోటు మారాలి, ఎందుకంటే అలసిపోయాక చెవి తను విన్నదాన్ని వదిలేసి కంటికి కనబడినదాన్నే విన్నాననుకుంటుంది. ఒక కొస ఎరుపూ ఇంకో కొస నీలమూ ఉండే పెన్సిల్ ఉండేదే, అది ఒక్కటే ఇద్దరికీ. ఆయనది నీలం టిక్కు, నాది ఎరుపు.

పదకొండు దాటాక, నేను "ఆరు వేల మూడు వందలు" అన్నాను. టిక్కు చప్పుడు రాలేదు. తలెత్తి చూస్తే ఆయన పెన్సిల్ గాలిలో ఆగి ఉంది. పుస్తకంలో మూడు వేల ఆరు వందలని ఉంది. రాత నాదే.

ఆయన ఏమంటారోనని నా గొంతు ఎండిపోయింది. ఆయన ఆ అంకె మీద ఒక గీత గీసి, పైన సరైనది రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టి, నన్నూ పెట్టమన్నారు. "దొరికింది. టీ తాగుదాం పద." అంతే. ఎవరి చేతిరాతో మర్నాడు మేనేజరుగారికి కూడా చెప్పలేదు. తర్వాత ఆయన రాసిన పేజీలో నాకొకటి దొరికినప్పుడు నేనూ అలాగే చేశాను. ఆ బ్రాంచిలో కలిసి ఉన్న ఐదేళ్ళూ "మీరు తప్పు రాశారు" అనే మాట మా మధ్య రాలేదు. "47వ పేజీలో ఒకటి దొర్లింది" అనుకునేవాళ్ళం. మన భాషలో ఎంత మంచి మాట ఉందో చూడు, తప్పు దొర్లింది అంటాం. దొర్లినదాన్ని ఇద్దరూ కలిసి తీసి పక్కన పెట్టొచ్చు.

ఇది నీతో ఎందుకు చెబుతున్నానంటే, ఒకే రకం బుర్రలున్న ఇద్దరు కలిసి పనిచేస్తే అసలు ప్రమాదం గొడవలు కాదమ్మా. ఇద్దరూ ఒకే చోట చూసి, ఒకే చోట చూడకపోవడం. ఆమె కట్టిన లెక్కని నువ్వు మొదటినుంచి అదే వరుసలో మళ్ళీ కడితే, ఆమె కన్ను జారిన చోటే నీ కన్నూ జారవచ్చు. వెనకనుంచి రా. ఫలితం దగ్గర మొదలుపెట్టి, మీ తూకం మిషను ప్రింటు చేసిన కాగితం మీద ఉన్న తూకం దాకా వెళ్ళు. నీ రిపోర్టుని ఆమెనీ అలాగే చూడమను.

ఎమ్మెస్సీలో మా మాస్టారు హార్డీ, లిటిల్‌వుడ్ గురించి చెప్పేవారు. ఇంగ్లండులో గణితం పండితులు. 1913లో మద్రాసు నుంచి రామానుజన్ రాసిన ఉత్తరాన్ని హార్డీ చూపించింది ఈ లిటిల్‌వుడ్‌కే. ఇద్దరూ ముప్ఫై అయిదేళ్ళు కలిసి పనిచేసి దాదాపు వంద పరిశోధన వ్యాసాలు రాశారు. అందులో చాలా ఏళ్ళు ఒకరు ఆక్స్‌ఫర్డ్‌లో, ఒకరు కేంబ్రిడ్జిలో ఉండి ఉత్తరాల మీదే. వాళ్ళు పెట్టుకున్న నాలుగు నియమాలని వాళ్ళ స్నేహితుడు హరాల్డ్ బోర్ తర్వాత చెప్పాడు. ఒకరికొకరు రాసుకునేది తప్పో ఒప్పో పట్టింపు లేదు. వచ్చిన ఉత్తరానికి జవాబివ్వాలనీ, అసలు చదవాలనీ కూడా లేదు. ఇద్దరూ ఒకేసారి ఒకే చిన్న అంశం మీద ఆలోచించకుండా ఉంటే మంచిది. వ్యాసంలో ఒకరు ఒక్క ముక్క రాయకపోయినా ఇద్దరి పేర్లూ ఉంటాయి.

మూడో నియమం చూశావా? మా పక్క సీటాయన ఆ రాత్రి చెప్పింది అదే. నాలుగోదానికైతే మనం అంత దూరం పోనక్కర్లేదు. 1920లో దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు పోయాక కూడా చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు తన రచనలని తిరుపతి వేంకట కవుల పేరునే వెలువరించారు. ఏ పద్యం ఎవరిదని అడిగితే తేలకుండా ఉండడమే వాళ్ళకి గౌరవం. మీ రిపోర్టు కింద రెండు సంతకాలుంటాయి కదా, నేను దాన్నీ అలాగే చూస్తాను.

బ్యాంకులో క్యాష్ గదికి రెండు తాళంచెవులు, ఇద్దరి దగ్గర ఉంటాయని చిన్నప్పుడు నీకు చెప్పేవాణ్ణి. ఒక్కదానితో తెరుచుకోదు. రెండో తాళంచెవి ఎందుకని మాలో ఎవరూ నొచ్చుకోలేదు. రేపేదైనా మాట వస్తే ఇద్దరినీ కాపాడేది అదే. ఆ అమ్మాయి రివ్యూని నువ్వు అనుమానం అనుకుంటున్నావు. నీ రెండో తాళంచెవి అనుకుని చూడు.

ఇంకొకటి. దశాంశాల గురించి మీ ఇద్దరూ సాయంత్రమంతా వాదించుకున్నారన్నావు. మందు ఫలితానికి పెట్టిన హద్దు, అదే మీ లిమిట్, ఒక దశాంశానికే ఉంది, అంకెని దగ్గరి విలువకి కుదించే రౌండింగ్ ఆఖర్న ఒక్కసారే చేయాలని మీ పుస్తకాల్లోనే ఉంది అని నువ్వే చెప్పావు. మరి రెండో దశాంశం మీద అంత టెన్షన్ ఎందుకమ్మా? మనలాంటివాళ్ళకి ఎక్కడ ఆపాలో ముందే అనుకోకపోతే, ఆపడం చేతకాదు. పని మొదలుపెట్టకముందు అరగంట ఆమెతో కూర్చో. ఫలితాన్ని మార్చే తప్పులు వేరు, రాసే పద్ధతి వేరు. పద్ధతి గురించి ఒకసారి తేల్చుకుని ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి. కామెంట్లలోకి ఫలితాన్ని మార్చేవి మాత్రమే రానివ్వండి. ముందు నువ్వే అడుగు. పిలిచినవాళ్ళు తగ్గినట్టు కాదు. ఆ రాత్రి పుస్తకం ముందు మూసింది ఆయనే, ఆ గౌరవం నాకు ఈనాటికీ పోలేదు.

ఆయన ఇప్పుడు ఒంగోలులో ఉంటున్నారు. ప్రతి డిసెంబరు 31 సాయంత్రం ఫోన్ చేసి "టాలీ అయిందా?" అని అడుగుతారు. అయిందండీ అంటాను. నీ ఉద్యోగం సంగతి చెబితే చాలా సంతోషించారు.

ఆయన బదిలీ అయి వెళ్ళిన రోజు ఆ పెన్సిల్ నాకే ఇచ్చేశారు. వేలెడు మిగిలింది, రెండు కొసలూ ఉన్నాయి. అమ్మ నీకు పంపిస్తున్న సున్నుండల డబ్బాలో, కాగితంలో చుట్టి పెట్టాను. మీ ల్యాబులో పెన్సిల్‌తో రాయకూడదని చెప్పావు కదా, బ్యాగులోనే ఉంచుకో. సున్నుండలు ఆ అమ్మాయికి కూడా పెట్టు.

నాన్న