కొట్టుగది తాళంచెవి

హెల్సింకి,
జనవరి 20

నాన్నగారికి నమస్కారం.

ఇక్కడ మంచు బాగా పడుతోంది. నా ఆరోగ్యం బాగుంది, అమ్మని కంగారు పడొద్దనండి.

కనుమ నాడు ఫోన్లో విన్న మాట నా మనసులోంచి పోవడం లేదు. రేవులో పడుకుంటున్న పడవ మావయ్యకి మన పెరట్లో కొట్టుగది ఇద్దామని అమ్మ అంటే, "ముందు తాగుడు మానమను, అప్పుడు చూద్దాం" అన్నారట మీరు. ఇంటినిండా చుట్టాలున్నారని ఆ పూట నేనేమీ అనలేదు. ఎదురు చెబుతున్నాననుకోకండి. నాలుగేళ్లుగా ఇక్కడ ఇల్లు లేనివాళ్లతోనే నా ఉద్యోగం కాబట్టి, నాకు తెలిసింది రాస్తున్నాను.

"అంత డబ్బున్న దేశంలో కూడా ఇల్లు లేనివాళ్లుంటారా" అని ఒకసారి అడిగారు గుర్తుందా? 1987లో లెక్క తీస్తే ఫిన్లాండ్‌లో 18 వేలకు పైగా ఉన్నారు. అప్పట్లో వీళ్ల పద్ధతి కూడా మీరన్నదే. రాత్రికి పెద్ద హాల్లో ఒక మంచం, తెల్లారితే బయటికి. తాగుడు మానాలి, మందులు వేసుకోవాలి, బుద్ధిగా ఉంటున్నాడని ఆఫీసువాళ్లకి నమ్మకం కుదరాలి. ఇల్లు అన్నిటికంటే చివర. చాలామంది అక్కడిదాకా రాకుండానే మళ్లీ వీధిన పడేవారు. మైనస్ 20 చలిలో, పొద్దున్న లేచి ఎక్కడికెళ్లాలో తెలియని మనిషి తాగకుండా ఎలా ఉంటాడు నాన్నగారూ?

2008 నుంచి ప్రభుత్వం ఆ వరస తిరగేసింది. ముందు ఇల్లు, మిగతావి తర్వాత. షెల్టర్లని చిన్న చిన్న ఫ్లాట్లుగా మార్చారు. వై ఫౌండేషన్ అని ఒక సంస్థ ఉంది, 1985లో పెట్టారు. వాళ్లు ఊళ్లో అందరి ఇళ్ల మధ్యే ఫ్లాట్లు కొని ఇలాంటివారికి అద్దెకిస్తారు. అద్దెకే, ఊరికే కాదు. అగ్రిమెంటు ఆ మనిషి పేరు మీదే ఉంటుంది, చాలని డబ్బుకి ప్రభుత్వం అద్దె భత్యం ఇస్తుంది. 2023 నాటికి ఇల్లు లేనివాళ్లు 3,429 మందికి తగ్గారు. 2024లో ఆ భత్యంలో కోత పెట్టారు, ఆ ఏడాది లెక్క 3,806కి పెరిగింది. అద్దె ఎలా కట్టాలో తెలియక మా దగ్గరివాళ్లు పడిన టెన్షన్ నేను కళ్లారా చూశాను.

ఇల్లివ్వడం కంటే ఆ ఇంట్లో మనిషిని నిలబెట్టడం కష్టం. మొదట్లో నాకిది తెలియలేదు. మా బిల్డింగ్‌కి వచ్చిన ఒక పెద్దాయన మూడు వారాలు మంచం మీద పడుకోలేదు. బూట్లు తలకింద పెట్టుకుని, తలుపుకి దగ్గరగా నేల మీద పడుకునేవాడు. షెల్టర్లలో బూట్లు దొంగిలిస్తారట. తర్వాత పాత స్నేహితులు వచ్చి చేరారు, రాత్రంతా గోల, పక్కవాళ్ల ఫిర్యాదులు. ఖాళీ చేయిస్తారేమో అనుకున్నాను. మా పై ఆఫీసరు రోజూ తలుపు తట్టి, ఆయనతో కాఫీ తాగి, "ఇది మీ ఇల్లు, ఎవరిని రానివ్వాలో మీరే చెప్పండి" అనేవారు. అద్దె ఆయన భత్యంలోంచి నేరుగా వెళ్లేలా ఆయనతోనే సంతకం పెట్టించాం. స్నేహితులు తగ్గాక ఆయనకి ఒంటరితనం పట్టుకుంది. అది తాగుడు కంటే భయపెట్టింది నన్ను. ఇప్పుడు వారానికి మూడు రోజులు వంటగదిలో పని చేస్తున్నాడు. తాగుతాడు, తగ్గించాడు, పూర్తిగా మానలేదు. కానీ రెండేళ్లుగా అదే ఇంట్లో ఉన్నాడు.

86 ఆగస్టు వరద సంగతి నానమ్మ చెప్పేది. రెండు గేదెలతో సహా మీరంతా ఏటిగట్టు మీద తడిసి కూర్చుంటే, గట్టు అవతల ఊళ్లో ఒక ఇంటివాళ్లు వసారా ఖాళీ చేసి ఇచ్చారని, రెండు నెలలు అక్కడే ఉన్నారని. తాతయ్య చుట్ట ఆరనిచ్చేవాడు కాదు, కోపం కూడా ఎక్కువే. అవి మానుకుంటేనే రమ్మని వాళ్లు అనలేదు కదండీ.

పడవ మావయ్య పాక లంక కోతలో ఏట్లో కలిసిపోయింది. నేను హైస్కూలుకి వెళ్లిన ఐదేళ్లూ ఆయన పడవలోనే రేవు దాటాను. వర్షం పడితే తన గొంగళి నా పుస్తకాల మీద కప్పేవాడు. అలాంటి మనిషి పంటు దిగేవాళ్ల కాళ్ల మధ్య పడుకుంటున్నాడంటే నాకు ఇక్కడ అన్నం సయించడం లేదు.

గది ఇవ్వండి నాన్నగారూ. తాగుడు సంగతి తర్వాత, ఆయన అడిగితే ఆసుపత్రికి తీసుకెళ్దాం. ఆధార్ పోయిందన్నారు కదా, అమలాపురంలో ఆధార్ కేంద్రానికి తమ్ముడు తీసుకెళ్తే వేలిముద్రలతో నంబరు దొరుకుతుంది. అరవై దాటాయి కాబట్టి సచివాలయంలో పెన్షన్ దరఖాస్తు గురించి అడగమనండి. వస్తే నెలకి 4,000. అందులోంచి మీరు మూడు వందలైనా అద్దె తీసుకోండి. వద్దనకండి, అద్దె కడుతున్నాననే ధీమా ఆయనకి ఉండాలి. అమ్మ కూర పంపితే మంచిదే, కానీ ఎవరు వెళ్లినా తలుపు కొట్టి, ఆయన రమ్మంటేనే లోపలికి వెళ్లాలి. కొన్నాళ్లు రాకుండా రేవులోనే పడుకున్నా, గది ఇంకెవరికీ ఇవ్వకండి.

ఆ కొట్టుగదికి బయట గొళ్లెమే ఉంది, లోపల గడియ లేదు. నాకు బాగా గుర్తు. వడ్రంగిని పిలిపించి ముందు లోపలి గడియ పెట్టించండి. డబ్బు ఈ వారంలోనే పంపుతాను.

మీ చిన్నమ్మాయి